వైండింగ్ షాపుకొచ్చిన చిన్న కాయిల్

సంపాదకుడికి,

అయ్యా, అనంతపురంలో ఇరవై ఏళ్లుగా బోరు మోటార్లు వైండింగ్ చేసి బతుకుతున్నవాణ్ణి. మా షాపుకు కాలిన మోటారు మోసుకొచ్చే రైతులే తప్ప కాలేజీ పిల్లలు రారు. ఈ మధ్య వస్తున్నారు. "అన్నా, నైక్రోమ్ తీగ మూరెడుంటే ఇస్తావా?" అంటారు. దేనికప్పా అంటే ప్రాజెక్టుకట. హీటరు తీగ ముక్కలు ఒకరిద్దరికి ఊరికే ఇచ్చాను కూడా.

పోయిన నెల ఒక పిల్లోడు అసలు సామానే తెచ్చి బల్ల మీద పెట్టాడు. బొటనవేలంత స్టీలు డబ్బీ. మూత తిప్పి తీస్తే లోపల రెండు పొట్టి స్తంభాలు, వాటికి ఆవగింజంత స్క్రూలు. మూడు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు మీద ఆరు చుట్లు చుట్టిన తీగను ఆ రెంటి మధ్య బిగించి, చుట్ల లోపలికి దూది దూర్చాడు. దూది ద్రవాన్ని పీలుస్తుంది, తీగ కాగితే ఆవిరొస్తుంది. అదే ఈ-సిగరెట్. కాయిల్ ఒక చివరే ఎర్రబడుతోంది, చూడమన్నాడు. చుట్టడం మాత్రం శుభ్రంగా చుట్టాడు. మా దగ్గర పనికి కుదిరేవాళ్లకు ఆ ఓపిక ఉంటే ఎంత బాగుండు!

మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. ముందు మా షాపు బయట పారేసిన రాగి తీగే చుట్టి చూశాడట. కరెంటిచ్చే బ్యాటరీ సెల్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే భయపడి ఊడబీకాడట. రాగికి రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, నైక్రోమ్‌లో సుమారు అరవయ్యో వంతే. అంటే షార్ట్ చేసినట్టే. పైగా మా తీగకు ఎనామిల్ పూత ఉంటుంది. అది కాలితే ఎట్లాంటి కంపో మోటారు కాలిన రైతునడిగితే చెబుతాడు. ఈ పిల్లోడు దాన్ని నోటితో పీల్చబోయాడు.

ఆ సెల్లు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన 18650 అనే రకం లిథియం సెల్లు. నిండా ఛార్జి ఉంటే 4.2 వోల్టులు. కాయిల్ అర ఓము ఉంటే 8 ఆంపియర్లు దాటి లాగుతుంది, 0.2 ఓముకు దిగితే 21. ల్యాప్‌టాప్ సెల్లు అంత కరెంటు ఇవ్వడానికి చేసింది కాదు. సెల్లు పెట్టే అతని గొట్టంలో రక్షణ సర్క్యూట్ కూడా లేదు, ఉత్త బటనే. రెసిస్టెన్స్ కొలిచావా అంటే మామూలు మల్టీమీటరు చూపించాడు. దాని వైర్లు రెండూ ఒకదానికొకటి ఆనిస్తేనే 0.3 ఓము చూపిస్తోంది, ఇక ఏం కొలుస్తాడు? ఫోన్‌లో 26 గేజీ తీగ అని చూసి వచ్చాడు. ఫోన్‌లో చూపించే 26 వేరు, మా షాపుల్లో 26 వేరు. అంకె ఒకటే, మందం తేడా.

2019లో కేంద్రం ఈ-సిగరెట్లను నిషేధించింది. అమ్మినా, దిగుమతి చేసినా, తయారుచేసినా మొదటిసారికి ఏడాది దాకా జైలు, లేదంటే లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. తెలిసిన వకీలు చేత చదివించుకుంటే తేలిందేమిటంటే, తయారీ అంటే పూర్తి సిగరెట్టే కానక్కర్లేదు, అందులో ఒక భాగం చేసినా తయారీ కిందికే వస్తుంది. అంటే హాస్టల్ గదిలో కాయిల్ చుట్టే పిల్లోడికీ చట్టం తగలొచ్చు. సరదాకి చేసుకుంటున్నా కదా అనుకుంటున్న అతనికి ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. నాకూ ఎవరూ చెప్పలేదు.

పాన్ షాపుల్లో తనిఖీలు చేస్తారు, మంచిదే. తీగ, దూది, సెల్లు మాత్రం పాన్ షాపులో దొరికేవి కావు, వాటిని నిషేధించడమూ కుదరదు. అధికారులు ఒక పూట వైండింగ్ షాపులవాళ్లను, సెల్‌ఫోన్ రిపేరువాళ్లను, పాత ఇనుప సామాన్ల వాళ్లను కూర్చోబెట్టి చెబితే చాలు. హాస్టల్ వార్డెన్లకు ఆ డబ్బీ ఒకటి చూపించాలి. బల్ల సొరుగులో చిన్న స్ప్రింగు లాంటి తీగ, దూది, బుల్లి స్క్రూడ్రైవర్ కలిపి కనబడితే అదేమిటో తెలియాలి కదా. ఇవన్నీ పేపర్లో రాస్తే పిల్లలు నేర్చుకుంటారంటారేమో. వాళ్లు ఎప్పుడో నేర్చారు, తెలియనిది మనకే. కేసుల కంటే ముందు ఈ పని జరగాలని నా మనవి.

ఆ పిల్లోడికి డబ్బీ తిరిగిచ్చి, సెల్లు మాత్రం ఇవ్వలేదు. ఇసుక పోసిన డబ్బాలో పెట్టి షాపు వెనక ఉంచాను. ఇలాంటివి ఎక్కడ అప్పగించాలో కార్పొరేషన్ వాళ్లు ఒక చోటు చూపిస్తే ఇచ్చి వస్తాను.

ఇట్లు,
ఒక మోటారు వైండర్,
అనంతపురం