బాలానగర్ షెడ్లను గజాల లెక్కన మాత్రమే చూడొద్దు

సంపాదకులకు,

హైదరాబాద్ లోపలి పారిశ్రామికవాడల భూములను ఇళ్లు, దుకాణాలు, ఆఫీసుల వంటి బహుళ వినియోగానికి మార్చుకునేలా 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం హిల్ట్ విధానం ప్రకటించినప్పటి నుంచి చర్చంతా 9,292 ఎకరాలు, గజం ధర చుట్టూనే తిరుగుతోంది. ఆ వాడల్లో ఒకటైన బాలానగర్‌లో చిన్న యంత్రాల షెడ్డు నడుపుతున్నవారికి, అద్దెకు వెతుకుతున్నవారికి కావలసింది వేరే లెక్క.

ఇక్కడ ఏ షెడ్డూ ఒంటరిగా బతకదు. ఒక మోల్డ్ (వస్తువులు పోసే అచ్చు) తయారు కావాలంటే ఉక్కు దిమ్మె ఒకచోట కోస్తారు, ఇంకోచోట మిల్లింగ్ (యంత్రంతో చెక్కడం) చేస్తారు, ఆ తర్వాత హార్డెనింగ్ (ఫర్నేసులో కాల్చి గట్టిపరచడం), వైర్‌కట్ (విద్యుత్ తీగతో కోయడం), గ్రైండింగ్, పాలిషింగ్. ఫర్నేసులో ఉక్కు ఎంతో కొంత వంగుతుంది కాబట్టి గ్రైండింగ్ కోసం ముందే ఒక్కో పక్కకు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల లోహం వదులుతారు. వంపు అంతకు మించితే పని వెనక్కి వస్తుంది. ఫర్నేసు పక్క వీధిలో ఉంటే సాయంత్రానికల్లా సంగతి తేలిపోతుంది. అదే ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఉంటే ఆ రోజు పని పోయినట్టే. హార్డెనింగ్ షాపులు ఖాళీ చేస్తే చుట్టూ ఉన్న మిల్లింగ్ షెడ్లు కదలకపోయినా దెబ్బతింటాయి.

అద్దెకు తీసుకునేవారు అద్దె కంటే ముందు కరెంటు బిల్లు అడగాలి. ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) పరిశ్రమ కనెక్షన్‌కు పరిమితి 75 కిలోవాట్లు, అంటే 100 హెచ్‌పీ. అది దాటితే 11 కేవీ లైను, సొంత ట్రాన్స్‌ఫార్మర్, దానికి స్థలం కావాలి. చాలా పాత షెడ్లను గోదాములుగా వాడటంతో మీటరు కమర్షియల్ కేటగిరీలో ఉండిపోయింది. పాత బకాయి ఉంటే అది తీర్చేదాకా కొత్త కనెక్షన్ ఇవ్వకపోవచ్చు. అలాంటి నిబంధన చెల్లుతుందని 2023లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) యంత్రం పెడితే న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య వోల్టేజీ కొలిపించాలి. అది రెండు మూడు వోల్టులు దాటితే యంత్రం మోటార్లను నడిపే డ్రైవ్ కార్డులు పాడయ్యే ప్రమాదం ఉంది. ఎర్త్ పిట్ ఎండిపోవడమే దీనికి తరచూ కారణం.

నేల సంగతి చాలామంది పట్టించుకోరు. మామూలు వీఎంసీ (నిలువు మిల్లింగ్ యంత్రం) ఒక్కటే ఐదు టన్నులు ఉంటుంది. పాత బండల మీద నిలబెడితే లెవెల్ నిలవదు, కొలతలు తప్పుతాయి. కనీసం 150 మిల్లీమీటర్ల కాంక్రీటు, దాని కింద గట్టిగా దిమ్మిస చేసిన నేల ఉండాలి. ఇరవై అడుగుల కంటైనర్ వీధి మలుపు తిరగగలదో లేదో కూడా స్వయంగా వెళ్లి చూసుకోవాలి. తెలంగాణలో లీజు ఏడాది లోపుదైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్టర్ చేయని పదకొండు నెలల కాగితం నమ్ముకుని యంత్రాలకు పునాదులు వేయడం ప్రమాదం.

అన్నిటికంటే మాకు ఆందోళన కలిగించేది శబ్దం. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70 డెసిబెళ్ల వరకు అనుమతి ఉంది. నివాస ప్రాంతంలో అవి 55, 45. పక్క ప్లాటులో అపార్ట్‌మెంట్ లేచి, ఆ వీధిని నివాస ప్రాంతంగా ప్రకటిస్తే రేకులు నొక్కే పవర్‌ప్రెస్ నడిపేవాడు ఏమీ మార్చకుండానే నేరస్తుడవుతాడు. ప్లేటింగ్ (లోహానికి పూత వేయడం) లాంటి రెడ్ కేటగిరీ (ఎక్కువ కాలుష్యం చేసే) పనులు జనావాసాల మధ్య ఉండకూడదన్నది నిజమే. వాటికి శుద్ధి ప్లాంటు ఉన్న చోటు చూపించాల్సిందే. కానీ లేత్‌ను, ప్లేటింగ్ తొట్టెను ఒకే గాటన కట్టడం అన్యాయం.

ప్లాటు మార్పిడికి అనుమతి ఇచ్చే ముందు ఆ వీధిలో ఏ షెడ్డు ఏ పని చేస్తోందో సర్వే చేసి బయటపెట్టాలి. దరఖాస్తు యజమానిదే అయినా, అద్దెదారుకు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, యంత్రాలు తరలించుకోవడానికి, కొత్త చోట కరెంటు లోడు తెచ్చుకోవడానికి సరిపడా గడువివ్వాలి. మిగిలిన షెడ్లకు పారిశ్రామిక శబ్ద పరిమితే వర్తిస్తుందని ఉత్తర్వులోనే రాయాలి. శబ్దం లోపలికి రాకుండా గోడలు, కిటికీలు కట్టుకునే ఖర్చు కొత్తగా వచ్చే బిల్డరే భరించాలి.

— టూల్‌రూమ్ ఇంజనీర్లు, బాలానగర్, హైదరాబాద్