నాన్నగారికి, వర్చువల్ వార్డు గురించి

లీడ్స్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

"జబ్బు చేసిన ముసలివాళ్లను ఇంట్లో వదిలేసి మీరు ఫోన్లో చూస్తారా?" అని మొన్న మీరు అడిగినప్పుడు, డ్యూటీకి వెళ్లే తొందరలో సరిగా జవాబు చెప్పలేకపోయాను. మీ అనుమానం న్యాయమైనది కనుక తీరిగ్గా రాస్తున్నాను.

ఆస్పత్రి వైద్యాన్ని రోగి ఇంటి దగ్గరే అందించే మా విభాగాన్ని ఇక్కడ వర్చువల్ వార్డు అంటారు. కోవిడ్ సమయంలో, 2020 చివర, ఇళ్లలో ఉన్న రోగులకు పల్స్ ఆక్సీమీటర్లు (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే చిన్న మిషన్లు) ఇచ్చి ఫోన్లో కనుక్కుంటూ ఉండటంతో ఈ పద్ధతి ఇంగ్లండులో ఊపందుకుంది. 2023 నాటికి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఇలాంటి పడకలను 10,000కు చేర్చింది. పడక అంటే రోగి సొంత మంచమే.

గత వారం మా జాబితాలోకి నిమ్ముతో 84 ఏళ్ల పెద్దావిడ వచ్చారు. ఆక్సీమీటరు, బీపీ మిషను, థర్మామీటరు, ఒక ట్యాబ్లెట్ ఉన్న సంచి ఆమె ఇంటికి వెళ్లింది. రోజూ ఒక నర్సు వెళ్లి నరం ద్వారా యాంటీబయాటిక్ ఇస్తుంది, అవసరమైతే రక్తం తీస్తుంది. డాక్టరుగారు వీడియోలో రౌండ్స్ చేస్తారు. శ్వాస, ఆక్సిజన్, బీపీ, నాడి, జ్వరం, స్పృహ అనే ఆరింటికీ, ఎంత తేడాగా ఉంటే అంత ఎక్కువ పాయింట్లు వేసి, మొత్తం 5 రాగానే వెంటనే కదులుతాం. మూడో రోజు ఆక్సిజన్ 92 శాతమని, తక్కువగా కనిపించింది. ఫోన్ చేస్తే, ఆవిడ చేతివేళ్లు చల్లగా ఉన్నాయని కూతురు చెప్పింది. చేతులు వెచ్చబరచి మళ్లీ చూస్తే 96.

అదే వారం ఇంకొక పెద్దాయన అంకెలన్నీ చక్కగానే ఉన్నాయి, కానీ వీడియోలో ఆయన భార్యను తన చెల్లెలి పేరుతో పిలిచారు. కొత్తగా వచ్చిన అయోమయానికి మా లెక్కలో 3 పాయింట్లు ఉన్నాయి. దాన్ని కొలిచే యంత్రం మాత్రం ఆ సంచిలో లేదు. గంటలోపు నర్సు వెళ్లింది, సాయంత్రానికి ఆయనను ఆస్పత్రిలో చేర్చాం.

ఆస్పత్రి మంచం మీద ముసలివాళ్లు నడక మరిచిపోవడం, రాత్రిళ్లు తికమకపడటం మీకు తెలుసు. నాయనమ్మ అక్కడ ఉన్న ఆ వారం గుర్తుందిగా. 2021లో ప్రచురించిన బ్రిటన్ పరిశోధనలో 1,055 మందిని చూస్తే, ఇంటి దగ్గర వైద్యం పొందినవారిలో ఆరు నెలలకు శాశ్వతంగా వృద్ధుల సంరక్షణ గృహాలకు చేరినవారు తక్కువ. అయినా ఒంటరిగా ఉండేవారిని, ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తలేని వారిని ఇందులో చేర్చకూడదని నేను గట్టిగా నమ్ముతాను. కొందరు కూతుళ్లు రాత్రంతా నిద్ర లేకుండా ఆ అంకెల వైపే చూస్తూ కూర్చుంటారు. వాళ్ల అలసటకు మా జాబితాలో గడి లేదు.

నాయనమ్మకు ఆక్సీమీటరు పెట్టే ముందు చేతులు వెచ్చగా రుద్దండి, అంకె నిలబడేదాకా ఒక నిమిషం ఉంచండి, పుస్తకంలో రాయండి. మన ఛాయ వాళ్లకు ఆ మిషను ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపవచ్చు కాబట్టి, ఆయాసం కనిపిస్తే అంకెను నమ్మి ఆగవద్దు. ఆమె ఉన్నట్టుండి మనుషులను తప్పుగా పిలిస్తే వయసనుకోకుండా అదే రోజు డాక్టరుగారికి చూపించండి. రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు వీడియో కాల్ చేయండి.

అమ్మకు, నాయనమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అమ్మాయి