తబలాకి పని లేని పాట

ఒరే అబ్బయా, ఎట్టుండావ్? ఫోన్ చేస్తే ఎప్పుడూ మీటింగే అంటావు, అందుకే టైపు చేస్తా ఉండా, తీరిగ్గా చదువుకో.

ఆగస్టు 15 మరియమాత మోక్షారోపణ పండగకి పాటల ప్రాక్టీసుందని ఫాదర్ గారు తబలా తీసుకుని రమ్మంటే కావలి నుంచి పోయినా. కీబోర్డు పిల్లోడు ముందురోజు పెట్టిన ట్రాన్స్‌పోజ్ తియ్యకుండానే మొదలుపెట్టాడు, శృతి రెండు మెట్లు పైకి పోయింది, చరణంలో ఆడపిల్లలు ఎట్టాగో అందుకున్నారు గానీ మగోళ్ళందరూ దగ్గులే దగ్గులు. నువ్వు హార్మోనీ పట్టుకోనుంటే ఈ తంటా ఉండేదా?

అసలు సంగతి ఇది కాదులే. రాత్రి ఫాదర్లతోనే చేపల పులుసు తిన్నా, పక్క విచారణల నుంచి, అదే పక్కూళ్ళ చర్చిల నుంచి, ఇంకో నలుగురు ఫాదర్లు వచ్చుండారు. తిన్నాక అందరూ చిన్న ప్రార్థన గదికి పోతే నేనూ వెనకే పోయినా. ఫ్యాను కీచుమంటాదని ఆపేశారు. అటో వరస ఇటో వరస కూర్చుని కీర్తన ఒక పద్యం వీళ్ళు, తర్వాతది వాళ్ళు, మధ్యలో అందరూ ఒకేసారి ఊపిరాపి మళ్ళీ ఎత్తుకుంటారు చూడు, బలే ఉందిరా. పూజలో మైకు ముందు శృతి తప్పే ఫాదరే ఇక్కడ ఎంత హాయిగా పాడాడో. వినేవాళ్ళు లేరనేమో మరి.

ఆఖర్న ఎనభై దాటిన పెద్ద ఫాదర్ కుర్చీలోంచే 'సాల్వే రెజీనా' అని మరియమాత పాట లాటిన్‌లో ఎత్తుకున్నారు, రెండు మాటలు ఆయనొక్కరే, తర్వాత అందరూ కలిశారు. నా వేళ్ళు ఊరుకోవుగా, తొడ మీద కెహర్వా తాళం పెట్టి చూశా, దాద్రా తాళం పెట్టి చూశా, సమం, అదే తాళంలో మొదటి దెబ్బ, దొరికితే ఒట్టు! తాళమేది ఫాదర్ అనడిగితే నవ్వి, మాటకెంత ఊపిరి పడితే అంతే అన్నారు. ఆయన సెమినరీలో చేరినప్పుడు పూజంతా లాటినేనంట. 1963లో కేథలిక్ బిషప్పుల వాటికన్ మహాసభ మాతృభాషకి దారిచ్చినాకే మన పాటలు, డోలక్కులు లోపలికొచ్చాయి, కానీ అదే సభ ఈ తాళం లేని పాత లాటిన్ పాటకి, అదే గ్రెగోరియన్ పాటకి, మొదటి చోటు అట్టే ఉంచింది అని చెప్పారు. తెలుగు రావడం మంచిదేలే, మా అవ్వకి లాటిన్ ఏం తెలుసు. నాకు మండేదల్లా ఆ కీబోర్డులో రిథమ్ నొక్కేసి చేతులు కట్టుకునేవాళ్ళని చూసే.

క్రిస్మస్‌కి వస్తావుగా, హార్మోనీ తెచ్చుకో. ఆ మూలిగే రీడు ఇప్పుడే బాగుచేయించు, అప్పుడొచ్చి నా మీద పెట్టబాక.