మిగిలిన చెక్కముక్కలు పారేయకండి, అడగండి

మన చెక్కపని గ్రూపులో అందరికీ నమస్కారం అండీ. మొన్న కొత్తగా చేరిన తమ్ముడు టీపాయ్ పలక వంగిపోయిందని ఫోటో పెడితే, సత్యనారాయణపురం నుంచి మన పెద్దాయన సాయంత్రానికల్లా అతని ఇంటికే వెళ్లి చూసొచ్చారు. వానాకాలం తేమకి చెక్క పీచుకి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు కదలదు, అందుకే ఫ్రేముకి స్క్రూలు బిగించే రంధ్రాలు కాస్త కోలగా వేసి పలకకి కదిలే చోటివ్వాలని చెప్పి, తన డ్రిల్లు కూడా ఇచ్చొచ్చారట. నాకెంత సంతోషమేసిందో! ఈ గ్రూపులో నాకు బాగా నచ్చేది ఇదే.

కోత అయ్యాక మిగిలే టేకు, వేప ముక్కలు పొయ్యిలో పెట్టేముందు ఒక్క ఫోటో ఇక్కడ పెట్టండి, మీకు జానెడు ముక్కే అయినా కొత్తవాళ్లకి అతుకులు నేర్చుకోడానికి అది చాలు. పక్కనే కొండపల్లిలో చూడండి, రంపపు పొట్టుని కూడా చింతగింజల పొడితో కలిపి మక్కు అనే ముద్ద చేసి, తెల్లపొణికి అనే తేలిక చెక్కతో చేసిన బొమ్మలకి చేతులూ కాళ్లూ అతికిస్తారు.

ఉలి అరువు తీసుకున్నవాళ్లు పదును పెట్టి ఇవ్వండి, పెట్టడం రాకపోతే చెప్పండి, నేర్పిస్తాం, ఇందులో మొహమాటం దేనికి. ఎవరైనా చిన్న ప్రశ్న అడిగితే నవ్వే ఎమోజీలు మాత్రం పెట్టొద్దు, దయచేసి, అలా చేస్తే రెండోసారి అడగరు.

నా దగ్గర చెక్కల్ని బిగించి పట్టే నాలుగడుగుల క్లాంపులు ఈ వారం ఖాళీ. కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టి వచ్చి తీసుకెళ్లండి.