డబ్బా మందులు, చవక డీజిల్, మన గ్యారంటీ

విజయవాడ ఆటోనగర్‌లో మన డీజిల్ పంపులు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల షాపుకు బండ్లు తెచ్చే ఓనర్లకు, డ్రైవర్లకు, రైతులకు నమస్కారం. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి గ్యారంటీ పద్ధతి మారుస్తున్నాం. ఇంజెక్టర్ గానీ పంపు గానీ బాగుచేసి బిగించే ముందు ట్యాంకులోంచి డీజిల్ శాంపిల్ తీస్తాం. అందులో తేడా కనిపిస్తే ట్యాంకు కడిగించి, ఫిల్టర్లు మార్చాకే ఆరు నెలల గ్యారంటీ రాసిస్తాం. ఈమధ్య మా బెంచి మీదికి వస్తున్న ఇంజెక్టర్లలో బండి తిరిగి తిరిగి అరిగినవి తక్కువ, ట్యాంకులో పోసిన సరుకు వల్ల పోయినవి ఎక్కువ. అందుకే ఈ రూలు పెట్టాల్సి వచ్చింది.

మొన్న ఒక టిప్పర్ పికప్ లేదని వచ్చింది. ఫిల్టర్ కోసి చూస్తే కాగితం మడతల మధ్య ముదురు గోధుమరంగు జిగురు ఉంది, వేలితో తీస్తే తీగలా సాగుతోంది. ఫిల్టర్ గిన్నె అడుగున నీళ్లు. ఫిల్టర్ హెడ్‌లోని రబ్బరు ఓ-రింగు ఉబ్బిపోయి గాడిలోంచి బయటికొచ్చింది, గోరుతో నొక్కితే చిట్లింది. ఇంజెక్టర్ విప్పితే లోపల కదిలే సూది, అదే నీడిల్, మీద గీతలు మామూలు కంటికే కనిపిస్తున్నాయి. డ్రైవర్ని అడిగితే, దాబా వెనక ట్యాంకులోంచి బయోడీజిల్ పోయిస్తున్నామని, బంకు కంటే లీటరుకు పది రూపాయలపైనే తక్కువని చెప్పాడు.

ఆ నీడిల్‌కూ అది కదిలే గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుకు రెండు మూడు రెట్లు. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందే ఇప్పటి కామన్ రైల్ బండ్లలో ఒత్తిడి 1,600 బార్ ఉంటుంది, కొన్నిటిలో 2,000 దాటుతుంది. ఆ సందులో ఇంజన్ ఆయిల్ ఉండదు, అక్కడ కందెన పని చేసేది డీజిలే. అందులో కిరోసినో సాల్వెంటో కలిస్తే ఆ జిడ్డు పోయి ఇనుమును ఇనుము రాసుకుంటుంది. పాత ఇన్‌లైన్ పంపులు కిరోసిన్ కలిపినా కొన్నాళ్లు ఓర్చుకునేవి. ఇప్పటి బండ్లకు ఆ ఓర్పు లేదు. నెలంతా లీటరుకు పది చొప్పున మిగిల్చినదంతా ఒక్క ఇంజెక్టర్ల సెట్టుకు ఏ మూలకూ రాదు.

అలాగని బయోడీజిల్ అంటేనే నాకు పడదనుకోకండి. కానుగ నూనె, వాడేసిన వంటనూనె లాంటివాటిని మిథనాల్‌తో చర్య జరిపించి, అడుగుకు దిగిన గ్లిజరిన్ తీసేసి, కడిగి, తేమ పోగొడితే వచ్చేదే అసలు బయోడీజిల్. దానికి ఐఎస్ 15607 అని ప్రత్యేకంగా ప్రమాణం ఉంది. మన కాకినాడలోనే తయారవుతోంది. బంకులో అమ్మే డీజిల్‌లో 7 శాతం వరకు కలపడానికి డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ఒప్పుకుంటుంది. 2030 నాటికి 5 శాతం కలపాలని 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానంలో లక్ష్యం పెట్టుకున్నారు. గంధకం బాగా తగ్గించిన డీజిల్‌లో సహజమైన జిడ్డు కూడా పోతుంది. ఒకటి రెండు శాతం బయోడీజిల్ కలిస్తే ఆ లోటు తీరుతుంది, పంపుకు మేలే. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ మహిళలు కానుగ చెట్లు పెంచి, నూనె తీసి, డీజిల్ బదులు ఆ నూనె వాడితే తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కను 2003లో ప్రపంచ బ్యాంకుకు అమ్మారు. అడవి పల్లెలో ఆడవాళ్లు అంత శ్రద్ధగా చేసిన పని అది. దాబాల వెనక బయోడీజిల్ అని పేరు పెట్టి ఏదో పారిశ్రామిక నూనె అమ్ముతుంటే కడుపు మండుతుంది.

అసలు సరుకైనా నూటికి నూరు శాతం పోస్తే మాత్రం చిక్కులున్నాయి. ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన మడ్డిని అది కరిగిస్తుంది, ఆ మడ్డంతా వచ్చి ఫిల్టర్‌లో కూర్చుంటుంది. పాత బండ్ల రబ్బరు పైపులు ఉబ్బుతాయి. తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఎక్కువ రోజులు నిల్వ ఉంచకూడదు. మీ బండి కంపెనీ పుస్తకంలో ఎంత శాతం వరకు పోయొచ్చో రాసి ఉంటుంది, దాన్ని దాటకండి.

ఇక పచ్చి నూనె సంగతి. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపారు కదా, మా ట్రాక్టర్‌లో పోస్తే ఏమవుతుందని ఒక రైతు అడిగారు. నడిపిన మాట నిజమే. కానీ నూనె డీజిల్ కంటే దాదాపు పది రెట్లు చిక్కన. ట్రాక్టర్ స్టార్ట్ అవుతుంది, కొన్నాళ్లు నడుస్తుంది కూడా. ఆ చిక్కదనానికి ఇంజెక్టర్ చివరి నాజిల్ నుంచి సన్నటి తుంపర రాదు, ధార వస్తుంది. నాజిల్ మొనకు బొగ్గు కడుతుంది, రింగులు పట్టేస్తాయి, కాలని నూనె ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగి ఇంజన్ ఆయిల్‌ను జావలా గట్టిపరుస్తుంది. చివరికి ఇంజన్ బోరుకొస్తుంది, అంటే విప్పి సిలిండర్లు బాగుచేయించాల్సి వస్తుంది. ఎథనాల్ గురించి కూడా అడుగుతున్నారు. పెట్రోల్‌లో కలిసినట్టు అది డీజిల్‌లో నిలకడగా కలవదు. ఆ ప్రయత్నం ఫలించలేదని, దాని బదులు ఐసోబ్యుటనాల్ అనే మరో ఆల్కహాల్ మీద పరిశోధన జరుగుతోందని 2025లో కేంద్ర రవాణా మంత్రి గడ్కరీయే చెప్పారు. ఎవరైనా మీకు ఎథనాల్ కలిపిన డీజిల్ అమ్మజూపితే కొనకండి.

ఇంజన్ ఆయిల్‌లో అదనంగా పోసే డబ్బా మందులు మన షాపులో ఎందుకు ఉండవని చాలామంది అడుగుతున్నారు. మంచి కమీషన్ ఇస్తాం, బోర్డు కూడా మేమే పెట్టిస్తాం అని డీలర్లు వస్తూనే ఉన్నారు. ఆ డబ్బు వస్తే షాపు అద్దెలో కొంత తేలుతుంది, అది దాచను. అయినా వద్దంటున్నాం. మీరు కొనే ఇంజన్ ఆయిల్‌లోనే అరుగుదల తగ్గించే జింకు మందు, మసి ముద్దకట్టకుండా చూసే మందు, ఆమ్లాన్ని విరిచే కాల్షియం మందు అన్నీ కొలత ప్రకారం కలిపి ఉంటాయి. ఆయిల్ డబ్బా మీద ఉండే సీఐ-4, సీకే-4 అనే నాణ్యత గుర్తులు ఆ మొత్తం కలయికను ఇంజన్ల మీద పరీక్షించాక వచ్చినవే. పైన ఇంకో డబ్బా పోస్తే ఆ కొలత చెడుతుంది. అమెరికాలో స్లిక్ 50 అనే పేరున్న ఆయిల్ మందు ప్రకటనల్లో చెప్పిన గొప్పలకు ఆధారాల్లేవని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెడితే, 1997లో కంపెనీ రాజీకి రావాల్సి వచ్చింది.

కొత్త కాలుష్య ప్రమాణం బీఎస్-6 ప్రకారం వచ్చిన బండ్లకైతే ఇది ఇంకా ముఖ్యం. పొగగొట్టంలో ఉండే డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టి, వేడెక్కి కాల్చేస్తుంది. ఆయిల్ మందుల్లోని లోహాల బూడిద మాత్రం కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే ఆ బండ్లకు బూడిద తక్కువ ఉండే ఆయిలే పోయాలి. మరో సంగతి గమనించండి. ఊళ్లోనే దగ్గర దగ్గర తిరిగే బండిలో మసి కాల్చడానికి అదనంగా చల్లిన డీజిల్ కొంత చాంబర్‌లోకి జారుతుంది. గేజ్ కడ్డీ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంది. ఆయిల్ తగ్గలేదని సంతోషించకండి, పలచబడిందని అర్థం. బయోడీజిల్ పాలు ఎక్కువుంటే అది ఆవిరై పోదు కాబట్టి ఇంకా ఎక్కువ పేరుకుంటుంది. కడ్డీ మీద మట్టం పై గీత దాటితే వెంటనే రండి, ఆయిల్ మార్చాలి.

అన్ని మందులూ మోసమని కూడా చెప్పను. డీజిల్‌లో పోసే మంచి ఇంజెక్టర్ క్లీనర్ కొత్తగా పట్టిన మడ్డిని కరిగిస్తుంది. అరిగిన నాజిల్‌ను మాత్రం ఏ మందూ బాగుచేయదు, బెంచి మీద చూసి మార్చాల్సిందే. టూ-స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపే 2టీ ఆయిల్‌ను డీజిల్‌లో కలపడం పాత మెకానికల్ పంపుల బండ్లలో పెద్ద నష్టం చేసినట్టు నేను చూడలేదు. డీపీఎఫ్ ఉన్న బండికి మాత్రం అస్సలు వద్దు.

పొగలోని విషవాయువులు తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ బదులు ఎరువుల యూరియా నీళ్లలో కలిపి పోస్తున్నవాళ్లకు ఒక మాట. మన దేశంలో పొలానికి చల్లే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, 2015లోనే తప్పనిసరి చేశారు. ఆ జిడ్డు, అందులోని మలినాలు యాడ్‌బ్లూ పంపునూ, పొగగొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిస్టునూ తినేస్తాయి. అసలు యాడ్‌బ్లూ 32.5 శాతం స్వచ్ఛమైన యూరియా ద్రావణం. డీపీఎఫ్ పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చమని అడిగేవాళ్లకు కూడా ఇక్కడే చెబుతున్నా: ఆ పని మేం చేయం.

శాంపిల్ ఎలా తీస్తామంటే, మీ ముందే ట్యాంకు అడుగు నుంచి రెండు గాజు సీసాల్లో పడతాం. తారీఖు, బండి నంబరు రాసి సీలు వేస్తాం. ఒకటి మా దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంటుంది. రాత్రంతా కదలకుండా ఉంచి పొద్దున చూస్తే నీళ్లు గానీ పొరలు గానీ కింద తేరతాయి. అందువల్ల బండి ఒక రాత్రి షాపులో ఉండాలి. శాంపిల్‌కు ఛార్జీ లేదు, ట్యాంకు కడగాల్సి వస్తే ఆ కూలీ వేరు. ఏది పోశారో డ్రైవర్ నిజం చెబితే మా పని సగం తేలికవుతుంది, కాబట్టి ఓనర్లు దయచేసి ఆ విషయంలో డ్రైవర్లను కోప్పడకండి. కోత మిషన్ల వాళ్లు సీజన్ మొదలవక ముందే ఒకసారి తెచ్చి చూపించుకుంటే మంచిది, పొలంలో మిషన్ ఆగాక తెస్తే ఆ రాత్రి ఆగే తీరిక మీకుండదు.