ఆ లైటు దానంతటదే ఆరాలి: రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను మూడేళ్లు నడిపిన కారులో ఎయిర్‌బ్యాగ్ లేదు. ఉందనుకునే నడిపాను. స్టీరింగ్ మధ్యలో దాని గుర్తు ఉంది, డ్యాష్‌బోర్డు మీద దాని లైటు ఉంది, కారు రెండుసార్లు తనిఖీకి వెళ్లి పాసై వచ్చింది. మా అమ్మ ఎప్పుడూ ముందు సీట్లోనే కూర్చునేది.

ఈ సంగతి బయటపడింది కూడా అనుకోకుండానే. వేరే పని మీద ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన కీ తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు వైపే చూస్తూ కూర్చున్నాడు. కీ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. సిస్టమ్ తనను తాను పరీక్షించుకున్నాక కొన్ని సెకన్లలో దానంతటదే ఆరిపోవాలి. నా కారులో ఆరలేదు. ఇంజిన్ స్టార్ట్ చేశాక, బ్యాటరీ లైటుతో పాటు ఆరింది. "ఈ రెండూ ఒక్కసారే ఎందుకు ఆరుతున్నాయండీ?" అన్నాడాయన. విప్పి చూస్తే ఎయిర్‌బ్యాగ్ లైటు వైరు కోసి బ్యాటరీ లైటుకు కలిపేసి ఉంది. స్టీరింగ్ మూత తీస్తే లోపల ఖాళీ. చీలిపోయిన మూతను వెనక నుంచి అతికించి, పైన రంగు వేశారు. పక్క సీటు వైపూ అంతే. నేను కొనక ముందెప్పుడో ఆ కారు గట్టిగా గుద్దుకుంది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నాయి, వాటి స్థానంలో కొత్తవి వేయకుండానే అమ్మేశారు.

అమ్మినవాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి మీకు రాయడం లేదు. అలాంటి కారు రెండుసార్లు తనిఖీ ఎలా దాటిందన్నదే నా బాధ. పొగ చూశారు, బ్రేకులు చూశారు, లైట్లు చూశారు, హారన్ మోగించారు. అవన్నీ అవసరమే. కానీ ప్రమాదం జరిగిన ఆ క్షణంలో మనిషిని కాపాడాల్సిన వాటి జోలికి ఎవరూ వెళ్లలేదు.

హారన్ సంగతే తీసుకోండి. చాలా కార్లలో హారన్ వైరు, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ వైరు రెండూ స్టీరింగ్ కింద ఉండే ఒకే చుట్ట గుండా వెళ్తాయి. మెకానిక్‌లు దాన్ని క్లాక్ స్ప్రింగ్ అంటారు. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ ఆ చుట్ట బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి పట్టీ తెగిపోవచ్చు. అందుకే పాత కారులో హారన్ మూగబోతే ఎయిర్‌బ్యాగ్ కూడా పోయిందేమోనని అనుమానించాలి. కానీ జరిగేదేమిటంటే, హారన్ కోసం విడిగా ఒక బటన్ పెట్టించుకుని తనిఖీకి వెళ్తారు. హారన్ మోగుతుంది, పాసవుతుంది.

ఇక సీట్ బెల్టు. నిజానికి దీన్ని ముందే చెప్పాల్సింది, ఎందుకంటే బెల్టు లేకపోతే ఎయిర్‌బ్యాగే గాయం చేయగలదు. 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల పట్టే బెల్టును రూపొందిస్తే, ఆ కంపెనీ పేటెంటును మిగతా కార్ల తయారీదారులకూ వదిలేసింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు కారులో ప్రాణం నిలబెట్టే వస్తువుల్లో దీని తర్వాతే ఏదైనా. అయితే బెల్టుకూ వయసు మీద పడుతుంది. ఎండకు పట్టీ బలం తగ్గుతుంది, అంచులు పీచులు లేస్తాయి, లోపలి చుట్ట నెమ్మదించి బెల్టు వదులుగా వేలాడుతుంది. వదులు బెల్టు కట్టుకున్న మనిషి, బెల్టు పట్టేలోపే ముందుకు దూసుకుపోతాడు. ఆ వదులును లాగేయడానికే కొత్త తరం కార్లలో ప్రీటెన్షనర్ పెట్టారు. చిన్న మందుగుండు పేలి, కంటి రెప్పపాటు కూడా పట్టకుండా బెల్టును బిగిస్తుంది. అది ఒక్కసారే పనిచేస్తుంది. గుద్దుకున్న కారుకు డెంటింగ్, పెయింటింగ్ చేసి, పేలిపోయిన ప్రీటెన్షనర్‌ను అలాగే ఉంచేస్తే, పైకి బెల్టు మామూలుగానే కనిపిస్తుంది.

తనిఖీ చేసేవారు బెల్టును పూర్తిగా బయటికి లాగి చూడాలి, గట్టిగా గుంజితే లాక్ అవుతుందా, వదిలితే వెనక్కి వెళ్తుందా చూడాలి. పాత ప్రమాదంలో బలంగా లాగబడిన బెల్టు మీద, అది కొక్కెం గుండా రాసుకుపోయిన చోట కొన్నిసార్లు కరిగినట్టు మెరిసే మచ్చ ఉంటుంది. ఒక్కో సీటుకు ఒక నిమిషం చాలు.

ఇదంతా సాధ్యమా అని మీ అధికారులు అడగొచ్చు. యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన వాహన తనిఖీ ఆదేశంలో సీట్ బెల్టులు, ప్రీటెన్షనర్లు, ఎయిర్‌బ్యాగులు పరిశీలించాల్సిన అంశాల్లో చేర్చారు. కాబట్టి నేను కోరుతున్నది కొత్త సంగతేమీ కాదు.

లైటు ఒక్కటి చూస్తే సరిపోదని కూడా చెప్పాలి. ఎయిర్‌బ్యాగ్ లేని చోట రెసిస్టర్ అనే చిన్న విద్యుత్ భాగం పెట్టి, ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టే కారు కంప్యూటర్‌ను నమ్మించేవాళ్లూ ఉన్నారు. అప్పుడు లైటు వెలుగుతుంది, సమయానికి ఆరుతుంది కూడా. దీనికి మందు ఒక్కటే: ఏ కారులోనైనా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే, రిపేరు చేసే గ్యారేజీ, డబ్బు చెల్లించే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ విషయాన్ని చాసిస్ నంబరు మీద నమోదు చేయాలి. కొత్తవి వేసినట్టు రుజువు చూపే దాకా ఆ కారు చేతులు మారకూడదు. నేను కొన్న రోజున అలాంటి రికార్డు ఉంటే, అమ్మను ఆ సీట్లో కూర్చోబెట్టేవాణ్ణి కాదు.

అదే రికార్డులో రీకాల్ వివరాలు, అంటే లోపమున్న భాగాన్ని మార్చడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలిచిన వివరాలు కూడా కనిపించాలి. జపాన్ కంపెనీ టకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల విషయం మీకు తెలిసే ఉంటుంది. వాటిలో గాలి నింపే అమ్మోనియం నైట్రేట్ మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, తెరుచుకునేటప్పుడు అదుపు తప్పి పేలి, లోహపు ముక్కలు మనుషుల మీదకు చిమ్మాయి. కొత్తలో బాగానే ఉండి, కారు పాతబడేకొద్దీ ప్రమాదకరమయ్యే లోపం అది. కానీ రీకాల్ ఉత్తరం కంపెనీ దగ్గరున్న చిరునామాకు వెళ్తుంది. మూడో చేతిలోనో నాలుగో చేతిలోనో ఉన్న కారు యజమానికి అది అందదు. ఆస్ట్రేలియా 2018లో ఈ ఎయిర్‌బ్యాగులను మార్చడం తప్పనిసరి చేసింది. మార్పించుకోని కొన్ని కార్లకు అక్కడి రాష్ట్రాలు రిజిస్ట్రేషన్ కూడా నిలిపేశాయి. మన దగ్గర కనీసం తనిఖీ రోజున, యాజమాన్యం మారే రోజున చాసిస్ నంబరు కొట్టి చూసి, రీకాల్ పెండింగులో ఉంటే యజమానికి చేతికి కాగితం ఇవ్వండి. మార్చేది ఉచితంగానే కదా, చాలామంది ఆ మాట విన్న వెంటనే వెళ్తారు.

పాత కార్లన్నీ రోడ్డు మీద నుంచి తీసేస్తే పోలేదా అని దయచేసి అనకండి. కొత్తది కొనలేకే పాతది నడుపుతాం. తుప్పుపట్టి అడుగు దూలాలు తినేసిన కారును, రంధ్రాలకు పుట్టీ పూసి నడిపే కారును ఆపేయండి, నేను ఒప్పుకుంటాను. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి దెబ్బను మింగాలంటే వెనకున్న చట్రం గట్టిగా ఉండాలి. కానీ చట్రం బాగున్న కారుకు భద్రతా విడిభాగాలు దొరకాలి. నా కారు ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ తయారీ ఆగిపోయిందన్నారు. నాలుగు నెలలు తిరిగాను. తుక్కు కార్ల నుంచి తీసిన యూనిట్లు చాలామంది ఇవ్వజూపారు. ఏ ప్రమాదంలో నుంచి వచ్చిందో తెలియనిదాన్ని ఎలా నమ్మను? ఒక మోడల్ అమ్మకం ఆపేశాక ఎన్నేళ్లు దాని బెల్టులు, ఎయిర్‌బ్యాగులు, సెన్సార్లు అందుబాటులో ఉంచాలో కంపెనీలకు మీరే గడువు పెట్టాలి.

ఆ నాలుగు నెలలూ అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టాను. ఎందుకో మొదట చెప్పలేదు. చెప్పాక ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

స్టీరింగ్ మీద నుంచి తీసిన ఆ మూతను నేను పారేయలేదు. ముందు నుంచి చూస్తే గుర్తుతో సహా నున్నగా, కొత్తదానిలా ఉంటుంది. తిప్పితే వెనక చీలిక, అతుకు, మధ్యలో ఖాళీ. మీరు పది నిమిషాలు సమయం ఇస్తే తెచ్చి మీ బల్ల మీద పెడతాను.

ఇట్లు,
ఒక పాత కారు యజమాని