గల్ఫ్‌లో చదివిన మన పిల్లలకు మన కాలేజీల్లో దారి చూపాలి

గౌరవనీయులైన సంపాదకుడు గారికి,

నమస్కారం. గల్ఫ్ దేశాల్లో పన్నెండో తరగతి పూర్తిచేసి, పైచదువుల కోసం తెలంగాణకు తిరిగి వస్తున్న పిల్లలు ఇక్కడి ప్రవేశాల్లో పడుతున్న ఇబ్బందులను మీ పత్రిక ద్వారా ప్రభుత్వం దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. జగిత్యాలలో జూనియర్ కాలేజీ అధ్యాపకుడిగా పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, ఇప్పటికీ ప్రవేశాల కాలంలో తెలిసిన కుటుంబాల పిల్లలకు దరఖాస్తులు నింపడంలో సాయపడుతుంటాను. మే, జూన్ నెలల్లో అలా వచ్చేవాళ్లలో దుబాయ్, దోహా, మస్కట్‌లలోని సీబీఎస్ఈ బడుల్లో చదివిన పిల్లలు కూడా ఉంటారు. వాళ్ల మార్కులకు ఢోకా ఉండదు; చిక్కంతా స్థానికత దగ్గర, కాగితాల దగ్గర వస్తుంది.

గల్ఫ్ అనగానే లేబర్ క్యాంపులో ఒంటరిగా బతికే కార్మికుడే మనకు గుర్తొస్తాడు. కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లలో అత్యధికుల పరిస్థితి నేటికీ అదే. అయితే డ్రైవర్‌గానో ఏసీ మెకానిక్‌గానో వెళ్లి, కొన్నేళ్లకు జీతం కొంత పెరిగాక భార్యాపిల్లలను తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. యూఏఈలో నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000 దిర్హమ్‌ల జీతంతో పాటు కంపెనీ వసతి ఉంటే కుటుంబ వీసా కోరవచ్చు. ఇంటి అద్దె, బడి ఫీజులు పోను ఆ జీతంలో మిగిలేది చాలా తక్కువ. ఇటువంటి కుటుంబాన్ని అమెరికాలోని డాక్టరు కుటుంబంతో కలిపి ఎన్‌ఆర్‌ఐ కోటాలో చేర్చి, ఆ కోటా ఫీజు కట్టమనడం న్యాయం కాదు.

అసలు సమస్య రెండు నిబంధనల మధ్య ఉంది. మన రాష్ట్రంలో ఎంబీబీఎస్ కన్వీనర్ కోటాకు (ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీట్లకు) స్థానికుడిగా గుర్తింపు పొందాలంటే అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు, అంటే తొమ్మిది నుంచి పన్నెండు వరకు, తెలంగాణలో చదివి ఉండాలి. 2024 జులైలో జీవో 33 ద్వారా బిగించిన ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబర్ 1న సమర్థించింది. మరోవైపు, వరంగల్ ఎన్‌ఐటీ వంటి కేంద్ర సంస్థల్లో విదేశాల్లో చదివినవారికి ప్రవేశం కల్పించే ‘డాసా’ పథకం కింద గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ప్రత్యేకంగా సీట్లు ఉన్నాయి. విదేశీ విద్యార్థుల్లా వేల డాలర్లు కాకుండా, ఇక్కడి విద్యార్థులు కట్టే ట్యూషన్ ఫీజే వాళ్లూ కడతారు. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఆ సీటు పొందాలంటే మాత్రం పదకొండు, పన్నెండు తరగతులు గల్ఫ్‌లోనే చదివి ఉండాలి. అంటే డాక్టరు కావాలనుకునే పిల్లవాడు ఎనిమిదో తరగతి అయిన వెంటనే ఇక్కడికి రావాలి. ఎన్‌ఐటీలో ఇంజినీరింగ్ చదవాలనుకునేవాడు పన్నెండో తరగతి దాకా అక్కడే ఉండాలి. పదమూడేళ్ల వయసులో ఏ పిల్లవాడు ఈ సంగతి తేల్చుకోగలడు?

పిల్లవాడు తేల్చుకోలేడు కాబట్టి ఇల్లు రెండుగా విడిపోతోంది. తల్లి పిల్లలను తీసుకుని కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో గది అద్దెకు తీసుకుంటుంది. తండ్రి కుటుంబ వీసా రద్దు చేసుకుని మళ్లీ బ్యాచిలర్ రూముకు మారతాడు. ఎన్నో ఏళ్లు కష్టపడి ఒక్కచోట కలిసిన కుటుంబం కేవలం స్థానికత కాగితం కోసం ఇలా చెల్లాచెదురు కావడం నన్ను ఎంతో బాధిస్తోంది. ఇక ఈ నిబంధన సంగతే తెలియని కుటుంబాలు, పిల్లవాడు నీట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నాక గానీ, సొంత జిల్లాలోని మెడికల్ కాలేజీలో తాను స్థానికేతరుడినని తెలుసుకోవు.

స్థానికత నిబంధనను ఎత్తివేయమని నేను అడగడం లేదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం, దాని కింద వెలువడిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వెనుకబడిన ప్రాంతాల పిల్లలకు రక్షణగా వచ్చాయి. ఆ రక్షణ ఇవాళ్టికీ అవసరమే. అయితే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, తెలంగాణ క్యాడర్ అఖిల భారత సర్వీసు అధికారులు, ఇక్కడివారైన సైనికులు బయటి ప్రాంతాల్లో పనిచేసిన కాలంలో వారి పిల్లలు అక్కడ చదివితే మినహాయింపు ఇవ్వడానికి ప్రభుత్వమే సుప్రీంకోర్టులో అంగీకరించింది. ఆ మినహాయింపు సబబైనదే. ప్రభుత్వ బదిలీ మీద ఢిల్లీ వెళ్లిన ఉద్యోగి బిడ్డను మన బిడ్డగా గుర్తించినప్పుడు, నీళ్లు లేక వ్యవసాయం దెబ్బతిని, అప్పు తీర్చడానికి మస్కట్ వెళ్లిన మనిషి బిడ్డను ఎందుకు గుర్తించకూడదు? ఆ తండ్రి పంపిన డబ్బుతోనే ఈ జిల్లాల్లో ఇళ్లు లేచాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి. సంపన్నులు దీన్ని దుర్వినియోగం చేస్తారన్న భయం ఉంటే, తల్లిదండ్రుల స్వస్థలం తెలంగాణ అయి ఉండాలని, వారి జీతం ఒక పరిమితికి లోబడి ఉండాలని షరతు పెట్టవచ్చు. లేబర్ కాంట్రాక్టులో జీతం రాసే ఉంటుంది కాబట్టి తనిఖీ పెద్ద కష్టం కాదు.

ఇంజినీరింగ్ విషయంలో కొంత వెసులుబాటు ఇప్పటికే ఉంది. 85 శాతం సీట్లు స్థానికులకు పోగా, మిగిలిన 15 శాతంలో పోటీపడటానికి తల్లిదండ్రుల్లో ఒకరు, బయట ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి, మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించినట్లు తహసీల్దార్ ధ్రువపత్రం ఉంటే చాలు. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి మన గల్ఫ్ తల్లిదండ్రుల్లో దాదాపు అందరికీ ఇది వర్తిస్తుంది. విచారమేమిటంటే, ఆ పత్రం ఒకటి ఉంటుందని కౌన్సెలింగ్ తేదీలు దగ్గరపడేదాకా వాళ్లకు చెప్పేవారే ఉండరు. అదేవిధంగా, మంజూరైన సీట్లకు అదనంగా 15 శాతం వరకు విదేశీ విద్యార్థులు, గల్ఫ్ కార్మికుల పిల్లల కోసం నింపుకోవడానికి సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అనుమతిస్తోంది. అందులో మూడో వంతు గల్ఫ్ పిల్లలకే కేటాయించాలన్నది దాని నిబంధన. మహారాష్ట్రలో ప్రవేశ పరీక్షలు నిర్వహించే సీఈటీ సెల్ వీరిని ప్రత్యేక వర్గంగా గుర్తించి దరఖాస్తులు స్వీకరిస్తోంది. మన దగ్గర ఏ యూనివర్సిటీలో, ఏ కాలేజీలో ఈ అవకాశం ఉందో ఎవరికి వారు వెతుక్కోవాలి. ఈ సీట్లన్నిటినీ ఉన్నత విద్యామండలి ఒకే నోటిఫికేషన్ కింద ప్రకటించి, ఒకేచోట భర్తీ చేయాలి.

సాధారణ డిగ్రీకి వచ్చే పిల్లల ఇబ్బంది చూడటానికి చిన్నదే అయినా విసిగిస్తుంది. డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ ‘దోస్త్’లో నమోదుకు ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్ నంబరు కావాలి, గల్ఫ్‌లో పెరిగిన పిల్లల్లో కొందరికి ఆధారే ఉండదు, ఉన్నా విదేశీ నంబరును దానికి జతచేయడం కుదరదు. ఇక్కడికి వచ్చి సిమ్ కొని, ఆధార్ తీసుకుని, బడి టీసీ మీద రాయబార కార్యాలయం ముద్ర సరిచూసుకునే లోపు మొదటి విడత సీట్ల కేటాయింపు అయిపోతుంది. పాస్‌పోర్టు నంబరుతో తాత్కాలికంగా నమోదు చేసుకోనిచ్చి, మిగతా పత్రాలకు గడువు ఇస్తే సరిపోతుంది.

సీటు వచ్చిన తర్వాత కూడా మొదటి ఏడాది ఈ పిల్లలకు తోడు కావాలి. తెలుగు మాట్లాడగలిగినా చదవడం రానివారు వీరిలో ఎక్కువ. నలుగురిలో కలవలేక, తండ్రి డబ్బు వృథా అవుతుందేమోనన్న దిగులు ఎవరికీ చెప్పుకోలేక చదువు మధ్యలో మానేసినవాళ్లను నేను చూశాను. తరగతులు మొదలయ్యే ముందు కొన్ని వారాల పరిచయ తరగతులు, కాలేజీలో వీరి బాగోగులు చూసే ఒక అధ్యాపకుడు ఉంటే చాలామంది నిలదొక్కుకుంటారు.

2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం గల్ఫ్ కార్మికుల సంక్షేమానికి ఉత్తర్వులిచ్చి, గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ప్రకటించింది. వలస కుటుంబాల ఫిర్యాదుల కోసం హైదరాబాద్‌లో ప్రవాసీ ప్రజావాణి ఏర్పాటు చేసింది. ఆ ప్రజావాణిలోనే ఉన్నత విద్యామండలి అధికారి ఒకరిని కూర్చోబెట్టి, గల్ఫ్‌లోని తెలుగు సంఘాల ద్వారా ప్రతి ఏటా ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు ఈ నిబంధనలన్నీ తెలుగులో తెలియజేయవచ్చు. కువైట్‌తో ఎంతో అనుబంధమున్న కడప, అన్నమయ్య, కోనసీమ జిల్లాల కుటుంబాల కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఇలాంటి ఏర్పాటు చేయడం అవసరం. స్థానికత మినహాయింపు జాబితాలో గల్ఫ్ కార్మికుల పిల్లలను చేర్చే నిర్ణయాన్ని వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్ కంటే ముందే ప్రకటించాలని ముఖ్యమంత్రిని, వైద్య విద్యాశాఖ అధికారులను, ఉన్నత విద్యామండలిని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత జూనియర్ కాలేజీ అధ్యాపకుడు,
జగిత్యాల